తడిసిన తెల్లముద్ర

భార్య కాగితం మీద అచ్చొత్తిన ఆఖరి ముద్రను ఆమె సొంత తమ్ముడే నీళ్ళలో ముంచి పాడుచేశాడు. ఇందులో వాదనకు తావు లేదు. పొద్దు తూర్పున పొడుస్తుందా అని ఎవరూ పంచాయితీ పెట్టరు. ఇదీ అంతే.

ఆ రోజు నుంచి ఆయన బావమరిదితో మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడితే అవతలి వైపుకు దాటేవాడు. చుట్టాల ఇళ్ళలో ఇద్దరికీ ఒకే వరుసలో కుర్చీలు వేస్తే లేచి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడేవాడు. కూతురు మొదట్లో నచ్చజెప్పబోయింది.

"మేనమామ కావాలంటే నీ ఇంట్లో పెట్టుకో. నాకు బావమరిది లేడు. పోయాడు" అన్నాడాయన.

"పోయింది అమ్మ, నాన్నా. మావయ్య కాదు."

"ఎవరు పోయారో నాకు తెలుసు."

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తడం మానేసింది. గోడకు తల కొట్టుకుంటే గోడకేం కాదని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు.

ఆ ఇంట్లో ముందు గది ప్రెస్సుది, వెనక రెండు గదులూ మనుషులవి. ప్రెస్సంటే కరెంటు మీద నడిచేది కాదు. పైనొకటి, కిందొకటి ఇనప రోలర్లు. వాటి మధ్య ముందుకూ వెనక్కూ జారే బల్ల. పక్కన బండి చక్రమంత చక్రం. పై రోలరుకు అటూ ఇటూ రెండు మరలు. వాటిని ఎంత బిగిస్తే కాగితం మీద అంత ఒత్తిడి పడుతుంది. చక్రం ఎవరు తిప్పినా మరల మీద పెత్తనం మాత్రం ఆయనదే. పల్లెలో అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టి వచ్చి, ఆ ప్రెస్సు మీదే సబ్బు పెట్టెలకూ అత్తరు సీసాలకూ చీటీలు అచ్చువేసి బతికాడు. మర బిగించేటప్పుడు ఆయన దవడ కూడా బిగుసుకునేది. అందుకని వీధివాళ్ళు ఆయనకు 'బిగింపు' అని పేరు పెట్టారు.

"మా బావ నవ్వు చూడాలంటే ముందు రెండు మరలూ వదులు చెయ్యాలి" అనేవాడు బావమరిది. వాడు అక్కడే సిరా కలిపేవాడు. కలిపిన సిరా సగం కాగితాల మీద ఉండేది, సగం వాడి చొక్కా మీద.

పెద్ద యంత్రాలొచ్చాక చీటీల పని పోయింది. ప్రెస్సు మీద గుడ్డ కప్పారు. ఆ గుడ్డ పక్కనే ఆయన పొద్దస్తమానం ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. చూసినవాళ్ళకు ఇంట్లో ఎవరో పోయారేమో అనిపించేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు భార్య ఉల్లిపాయలు ఒలుస్తూ ఒలుస్తూ ఆగిపోయింది. పొట్టును కిటికీ వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. లేచి పాత అట్టముక్క ఒకటి తెచ్చి, జిగురు పూసి, దాని మీద ఉల్లిపొట్టూ, గుప్పెడు ఇసకా, గోనెపీచూ అంటించింది. ఆరాక పైన లక్క పూసింది. లక్క గట్టిపడ్డాక సిరా రుద్ది, గుడ్డతో తుడిచి, ప్రెస్సు బల్ల మీద పెట్టి, "తిప్పండి" అంది.

"యంత్రం పాడవుతుంది."

"ఊరికే పడుంటే బాగుపడుతుందా? తిప్పండి."

తిప్పాడు. కాగితం లేపి చూస్తే గీతలు, గతుకులు, నీళ్ళింకిన చెరువు అడుగులాంటి పగుళ్ళు. ఉల్లిపొట్టు ఈనెలు వేలికి తగిలేలా పైకి లేచి ఉన్నాయి.

"ఏమిటే ఇది?"

"ఏదీ కాదు."

"ఏదీ కానిదాన్ని ఎవడు కొంటాడు?"

"ఏదో అయినదాన్ని మాత్రం ఎవడు కొంటున్నాడు?"

బావమరిది మెడ వంచి చూసి, మళ్ళీ రెండోవైపు వంచి చూశాడు. "మంచి సరుకే అక్కా. తలకిందులుగా తగిలించినా ఎవడూ కనిపెట్టలేడు" అన్నాడు.

కొనేవాళ్ళు వచ్చారు. ముందు ఇళ్ళకు ప్లాన్లు గీసే ఒకాయన వచ్చాడు. ఆయన వెంట ఆసుపత్రివాళ్ళు, బ్యాంకువాళ్ళు. ఆనక నవీన చిత్రకళ అంటూ మెడలో సంచులు వేసుకుని తిరిగేవాళ్ళు. వాళ్ళలో ఒక దళసరి కళ్ళద్దాలాయన ఒక ముద్ర ముందు చాలాసేపు నిలబడి, "ఇందులో ఎంతో వేదన కనిపిస్తోందమ్మా" అన్నాడు. "అది గోనెపట్టా అండీ" అంది ఆమె. అయినా కొనుక్కుని వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. బిగింపు కూడా నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటే చేతి సిరా మొహానికి అంటి ఇంకా నవ్వు.

అవి మంచి రోజులు. పొద్దున్నే నడకకు వెళ్తే ఆమె తల ఎత్తేది కాదు. రాలిన బెరడు, ఎండు కాయల తొక్కలు, పిట్ట ఈకలు, పేవుమెంటు పగుళ్ళలో మొలిచిన గడ్డి, ఏది కనిపిస్తే అది వంగి తీసేది. తీసినవన్నీ ఆయన చొక్కా జేబుల్లోకి పోయేవి. ఒకసారి ఆయన దుకాణంలో చిల్లర తియ్యబోతే గుప్పెడు చేప పొలుసులు వచ్చాయి. దుకాణదారు వాటినీ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇవి చెల్లవండీ" అన్నాడు. ఇంటికొచ్చి ఆయన చిందులు తొక్కాడు. ఆమె పొలుసులు లెక్కపెట్టుకుని, "రెండు తగ్గాయి, ఎక్కడ పారేశారు?" అంది.

బీరపీచు ఎలా పడుతుందో, మొక్కజొన్న పొట్టు ఎక్కడ చిరుగుతుందో ఆమెకు అచ్చు పడకముందే తెలిసేది. తొందర లేదు. అంటించడానికి ఒక రోజు, ఆరడానికి ఒక రోజు, లక్కకు ఒక రోజు. కాగితాన్ని నీళ్ళ తట్టలో నానబెట్టి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, బుగ్గకు ఆనించి చూసేది. బుగ్గకు చల్లగా తగలాలి కానీ తడి అంటకూడదు. అప్పుడే అది ముద్రకు సిద్ధమైనట్టు.

ఆమెకో పద్ధతి ఉండేది. కొత్త అట్ట ఏది తయారైనా దానికి వెంటనే సిరా పూసేది కాదు. ముందు సిరా లేకుండా ఒక కాగితం లాగేది. రంగు ఉండదు. తెల్ల కాగితం మీద తెల్లటి ఉబ్బెత్తు మాత్రమే. దూరం నుంచి చూస్తే ఖాళీ కాగితం. కిటికీ దగ్గర పక్కవాటుగా పట్టుకుంటే ఆకు ఆకుగా, ఈనె ఈనెగా లేచి నిలబడేది. దాన్ని తెల్లముద్ర అనేవాళ్ళు. రంగు ముద్రలు కొనేవాళ్ళ కోసం, తెల్లముద్ర తన కోసం. నచ్చితే వెనక మూలన పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి దాచుకునేది. నచ్చకపోతే మళ్ళీ నీళ్ళలో వేసేది. తడిస్తే ఉబ్బెత్తు దిగి కాగితం చదునవుతుంది, మళ్ళీ వాడుకోవచ్చు. మంచి కాగితాన్ని పారేస్తే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది.

మరల దగ్గర మాత్రం రోజూ తగువే. "చాలు" అని ఆమె, "ఇంకొంచెం" అని ఆయన. "గట్టిగా నొక్కితేనే గట్టిగా పడుతుంది" అనేవాడు. "పిండి రుబ్బడం కాదండీ ఇది" అనేది. చివరికి ఆయన అనుకున్నంతా బిగించేవాడు. లక్క పూసిన ఎండు సరుకు గట్టిది, తట్టుకునేది. ఆమె మూతి ముడుచుకుని కాగితం లేపి, బాగా వస్తే ఏమీ అనేది కాదు. ఏమీ అనలేదంటే తనే గెలిచినట్టు ఆయనకు.

ఆఖరి ఏడు ఆమెకు కొత్త బుద్ధి పుట్టింది. "ఎండినవాటితో చాలా చేశాను. పచ్చిదానితో ఒకటి చెయ్యాలి" అంది. పెరట్లో చిక్కుడు పాదు నుంచి తీగ కోసుకొచ్చింది. నులితీగలు, లేత ఆకులు, రెండు పూలు. లక్క పూస్తే పచ్చిదనం పోతుందని లక్క లేకుండానే అట్ట మీద పరిచింది. ఒక్కసారి రోలరు కింద నలిగితే తీగ పని అయిపోతుంది. రెండో కాగితం అనే మాటే లేదు, సిరా లేని తెల్లముద్ర ఒక్కటే.

ఆయన మరలు పట్టుకున్నాడు. ఆమె, "చాలు" అంది. మళ్ళీ "చాలు చాలు" అంది. ఆయన అలవాటు కొద్దీ ఇంకొంచెం బిగించి చక్రం తిప్పాడు.

కాగితం ఆమే లేపింది. లేపి కిటికీ వైపు తిరిగింది. ఆయనకు ఆమె వీపు కనిపిస్తోంది, జారిన ముడి కనిపిస్తోంది. అలాగే కాసేపు నిలబడింది.

"ఎలా వచ్చింది?"

"బాగుంది."

"ఏదీ, చూపించు."

"ఆరనివ్వండి. ఆరాక చూద్దురుగాని."

రెండు చెక్కపలకల మధ్య పెట్టి బరువు పెట్టింది. అట్ట మీద చితికిన తీగను గీకేసింది. ఆయన చేతుల మీద నీళ్ళు పోసింది. ఆ వారంలోనే, వంటింట్లో నిలబడి ఉన్నదల్లా కూలబడింది. మళ్ళీ లేవలేదు.

ఇల్లు సద్దుమణిగాక ఆయన చెక్కపలకలు తీశాడు. మధ్యలో ఏమీ లేదు. బావమరిదిని అడిగాడు.

"తెల్ల కాగితం అనుకున్నాను బావా. తడిపేశాను. పాత బెరడు అట్టకు సిరా సరిచూసుకుందామని దాని మీద అచ్చు లాగేశాను."

"వెనక సున్నా చూడలేదా?"

"సున్నా లేదు బావా."

"ఉంటుంది. మీ అక్క పెట్టకుండా ఉండదు. కళ్ళు నెత్తికెక్కి నువ్వు చూసుకోలేదు."

ఆయన వాడి రెక్క పట్టుకుని వీధిలోకి నడిపించి తలుపు వేశాడు. ఏళ్ళు గడిచాయి. ఆయనకు భార్య తాలూకు చీరలు అక్కర్లేదు, ఫొటోలు అక్కర్లేదు. ఆ ఒక్క మాట ఉంది. కిటికీ దగ్గర నిలబడి "బాగుంది" అంది. ఇద్దరూ కలిసి చేసిన ఆఖరి పని, అది బాగుంది. దాన్ని కంటితో చూసే రాత లేకుండా చేశాడు ఆ వెధవ. మిగిలింది ఆ మాటే. దాన్ని ఆయన పంటి బిగువున పట్టుకుని బతికాడు.

ఈ ఏడు కూతురు తల్లి ముద్రలన్నీ కలిపి ఒక ప్రదర్శన తలపెట్టింది. ఆమె పిల్లలకు బొమ్మలు నేర్పే పని చేస్తుంది. హాలు మాట్లాడింది, ముద్రలకు చట్రాలు కట్టించింది. ఆయన కాదనలేదు, అవుననలేదు. ప్రెస్సు గదిలో పెట్టెలు దించుతుంటే నిచ్చెన పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కూతురు చేతులు దులుపుకుంటూ, "ఇంకొకటి మిగిలింది నాన్నా" అంది.

"అన్నీ దించాంగా."

"ఇక్కడ కాదు. మావయ్య దగ్గర. ఆ బెరడు అచ్చు. అమ్మ తెల్లముద్ర మీద పడింది."

ఆయన నిచ్చెన వదిలేశాడు. అదృష్టం బాగుండి దాని మీద ఎవరూ లేరు.

"అది నా కంటికి కనిపించకూడదు."

"వచ్చేసింది నాన్నా. మావయ్య బయటే ఉన్నాడు. ఎండలో నిలబడ్డాడు."

"నిలబడనీ. ఎండితే వాడి మీద కూడా లక్క పూద్దాం."

కూతురికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "నేను లోపలికి రమ్మంటున్నాను. నువ్వు మాట్లాడొద్దు. చూడు చాలు. చూసి వద్దంటే ఆయన తిరిగి తీసుకుపోతాడు. పెట్టమంటే హాల్లో పెడతాను. నీ మాటే ఆఖరు మాట."

బావమరిది చంకలో అట్టల కట్టతో లోపలికి వచ్చాడు. జుట్టు నెరిసింది. చొక్కా మాత్రం శుభ్రంగా ఉంది, ఎక్కడా సిరా లేదు. అది చూసి ఆయనకు ఏదోలా అయింది. మొహం తిప్పుకున్నాడు.

వాడు ప్రెస్సు వైపు చూశాడు. "నూనె వేస్తున్నట్టున్నావు బావా. నిగనిగలాడుతోంది."

"ఎవరే అది? ఎవరితో మాట్లాడుతున్నారు?" అని కూతుర్ని అడిగాడు ఆయన.

"ప్రెస్సుతో అనుకో నాన్నా."

కట్ట విప్పి కాగితాన్ని బల్ల మీద పరిచారు. ముదురు గోధుమరంగు బెరడు అచ్చు. ఆమె పాత పనే, ఎన్నోసార్లు లాగిందే. ఆయన దూరం నుంచే చూశాడు. కూతురు కాగితం అంచు పట్టుకుని కిటికీ వైపు కొంచెం వంచింది. బెరడు పగుళ్ళ కింద నుంచి, నిద్రపోతున్న మనిషి నరాల్లా, సన్నటి తీగలు కదిలాయి. ఒక ఆకు సగం. ఒక నులితీగ చుట్టలు చుట్టుకుని.

ఆయన దగ్గరికి వచ్చాడు. రెండు వేళ్ళు కాగితం మీద పెట్టాడు. ఉబ్బు చాలావరకు దిగిపోయింది. వేళ్ళు కాడ వెంట నడిచి ఒకచోట ఆగాయి. అక్కడ కాగితం చీలి ఉంది. కాడ పొడుగునా కత్తితో గీసినట్టు. తిరగేశాడు. వెనక మూలన సున్నా లేదు. చీలిక మీద సన్నటి గుడ్డ పేలికతో అతుకు వేసి ఉంది.

అతుకును గోటితో గీకి చూశాడు. ఊడలేదు. ఆయన దవడ బిగుసుకుంది. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి బావమరిది మొహంలోకి చూశాడు.

"ఈ అతుకు ఎవరు వేశార్రా?"

"నేనే."

"ఇది మన అట్టల జిగురు. తడి కాగితానికి పట్టదు. పైగా బెరడు ఒత్తిడి అతుకు మీద కూడా పడింది, అంటే అచ్చుకు ముందు, పొడిగా ఉన్నప్పుడే వేశావన్నమాట. అంటే తడపకముందే చీలిక చూశావు. కాడ చూశావు. ఆకులు చూశావు. గుడ్డివాడికైనా చేతికి తగులుతుంది. తెల్ల కాగితం అనుకున్నానన్నావు కదరా? తెలిసే ముంచావు!"

ఇన్నేళ్ళుగా ఆయన వాడిది అజాగ్రత్త అనుకున్నాడు. ఇప్పుడు ద్రోహమని తేలింది. మోసినంత కాలం మోసిన కోపం వృథా పోలేదన్నట్టు, మనిషి కాస్త నిటారుగా కూడా నిలబడ్డాడు.

"చెప్పరా. ఎందుకు ముంచావు?"

"వదిలెయ్ బావా. తిట్టాలంటే తిట్టు. అలవాటైపోయింది."

"మావయ్యా, చెప్పు" అంది కూతురు. "తెలిసే చేశావా?"

వాడు ఆమె వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. తర్వాత కూర్చోకుండానే చెప్పాడు.

"అక్కే తడపమంది. అది లాగిన మర్నాడు. బావ బజారుకెళ్ళాడు. చెక్కపలకలు తీసి చూపించింది. 'మీ బావ బిగించేశాడురా. కాడలన్నీ చితికిపోయాయి, ఇక్కడ చీలింది కూడా. ఇది పనికిరాదు. అతుకేసి తడుపు, సిరా చూసుకోవడానికి పనికొస్తుంది' అంది. 'బావకి మాత్రం చెప్పకు, బాగుందని చెప్పాను. చిక్కుడు మళ్ళీ పూస్తుందిగా, ఇంకోటి చేద్దాం. ఈసారి మరలు నేనే పట్టుకుంటా' అంది. నవ్వుతూనే అంది బావా. కోపంతో కాదు. నేను అప్పుడే తడిపేశాను. అది ఆఖరిదవుతుందని ఎవరికి తెలుసు?"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

"ఎలా చెప్పనే? అక్క పోయింది. బావ వచ్చి, బాగుందంది, బాగుందంది అని అదే మాట. మనిషికి అదొక్కటే మిగిలింది. దాన్ని కూడా నేను లాక్కోనా? పైగా చెప్పకని ఒట్టు పెట్టినంత పని చేసింది. పడ్డవాడు చెడ్డవాడు కాడులే అనుకున్నా. పడితే ఇన్నేళ్ళు పడతానని మాత్రం అనుకోలేదు."

ఆయన వేళ్ళు ఇంకా చీలిక మీదే ఉన్నాయి. కాడ ఎక్కడ లావుగా ఉందో అక్కడ కాగితం పగిలింది. అలా పగలాలంటే ఎంత బిగించాలో లోకంలో ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడు చెప్పినా చెప్పకపోయినా కాగితం చెబుతోంది.

కిటికీ దగ్గర ఆమె వీపు గుర్తొచ్చింది. అంతసేపు ఎందుకు నిలబడిందో ఇన్నేళ్ళూ ఆయనకు తెలుసనే అనుకున్నాడు. మురిసిపోతోందనుకున్నాడు. కాదు. మొహం సర్దుకుంటోంది. సర్దుకున్నాకే ఇటు తిరిగింది. చేతుల మీద నీళ్ళు పోస్తూ గోళ్ళ సందుల్లో పాత సిరా కూడా రుద్దింది. ఆ రోజు ఎప్పుడూ లేనిది ఆయనకిష్టమని టీలో ఇంకో చెంచా పంచదార వేసింది. తనే గెలిచాననుకుని ఆయన ఆ టీ తాగాడు.

"నాన్నా" అంది కూతురు మెల్లగా. "పెట్టమంటావా, వద్దా?"

ఆయన కాగితం మీంచి చెయ్యి తీశాడు. "పెట్టు" అన్నాడు. వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి బావమరిది చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆయన బయటికి రాలేదు.

ప్రదర్శన రోజున హాలు నిండింది. తెల్లటి గోడలు, నేలకు నున్నటి పలకలు, మాటలన్నీ గుసగుసలు. ముద్రల పక్కన 'చేతులతో తాకరాదు' అని అట్టలు పెట్టారు. ఆయన మొదటిదాని దగ్గరే ఆగిపోయాడు.

"తాకకపోతే ఇంక చూసేదేముంది? మీ అమ్మ వింటే నవ్వుతుంది."

"హాలువాళ్ళ నియమం నాన్నా."

"హాలువాళ్ళు అట్ట అంటించారా, లక్క పూశారా?"

ఆయన వేసుకున్న కోటు చుట్టాలెవరిదో. భుజాల దగ్గర బిగుతు. ఒక మూల కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూశాడు. ఉల్లిపొట్టు ముద్ర ముందు ఒక పిల్ల నిలబడి, ఎవరూ చూడకుండా చిటికెనవేలు ఆనించింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చేప పొలుసుల ముద్ర దగ్గర ఇద్దరు మగవాళ్ళు అది చంద్రుడా సముద్రమా అని తగువులాడుతున్నారు. తన జేబు వాసన మూడు ఉతుకులకు కూడా వదల్లేదని వాళ్ళకు చెప్పబుద్ధేసింది. చెప్పలేదు.

ఆఖరి గోడ మీద ఒకే ఒక్క ముద్ర. కూతురు దానికి పక్కవాటుగా దీపం పెట్టించింది. బెరడు కింద తీగలు ఇంట్లో కంటే బాగా కనిపిస్తున్నాయి. దాని ముందు బావమరిది చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాడు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా. ఇద్దరూ గోడ వైపే చూస్తున్నారు.

"కోటు బాగుంది బావా" అన్నాడు వాడు గోడతో.

"ఊపిరాడటం లేదు" అన్నాడు ఆయన, గోడతోనే.

హాలు చూసుకునే ఆవిడ నలుగురిని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చింది. "ఇది మిగతావాటిలా లేదు. రెండు పొరలు. అడుగున ఉన్న ఈ తీగలు ఎలా వచ్చాయో మీరే చెప్పాలండీ" అంది ఆయనతో.

కూతురు గుంపు వెనక నుంచి తండ్రి వైపు చూసింది. బావమరిది నేల వైపు చూశాడు.

చెప్పడానికి ఒక్క ముక్క చాలు. నా చేతి బిగింపుకు చీలింది, ఆమె వద్దనుకుంది, తమ్ముడు చెప్పినమాట విన్నాడు. అంతే. ఆ ముక్క గొంతు దాకా వచ్చింది. వస్తే కిటికీ దగ్గరి మాట పోతుంది. నలుగురిలో పోతుంది. 'బాగుంది' అన్న గొంతు అబద్ధమైపోతుంది. ఆయన దాన్ని మింగాడు.

"అది మా ఆవిడ తెల్లముద్ర" అన్నాడు. "మేమిద్దరం లాగాం. చాలా బాగా వచ్చింది. వీడు తెల్ల కాగితం అనుకుని నీళ్ళలో ముంచాడు."

అందరూ బావమరిది వైపు తిరిగారు. వాడు తల గోక్కుంటూ, "అవునండీ. చూసుకోలేదు" అన్నాడు. ఆవిడ, "అయ్యో" అంది. ఎవరో, "పొరపాటులో కూడా ఎంత అందం!" అన్నారు. గుంపు కదిలింది.

కూతురు మొహం ఎర్రబడింది. తండ్రి మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. వెనకే మేనమామ వచ్చాడు.

"అన్నీ తెలిసి కూడా నలుగురిలో మావయ్యను అంత మాట అంటావా నాన్నా? మనిషివేనా నువ్వు?"

"వదిలెయ్యమ్మా" అన్నాడు బావమరిది. "బావ చెప్పింది నిజమే."

"ఏది నిజం మావయ్యా?"

"ముంచింది నేనేగా."

ఆయన కోటు పై బొత్తాం విప్పాడు, మెడ అటూ ఇటూ తిప్పాడు. బావమరిది వైపు వేలు చూపించాడు.

"విన్నావుగా. తప్పు వాడిది. ఒప్పుకున్నాడు. మీ అమ్మ బాగుందంది, నేను విన్నాను. నాకు తెలిసింది అంతే. మొన్న ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, నేనేమీ వినలేదు."

"నాన్నా, ఒక్కసారి..."

"ఇదే ఆఖరు. ఈ సంగతి ఇక నా నోట రాదు. నువ్వడిగినా రాదు, వీడడిగినా రాదు. నా ముందు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతాను. చచ్చేదాకా ఇంతే."